తీతువు అడిగిన ప్రశ్న

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 22:6, 7



ద్వితీయోపదేశకాండము ఇరువది రెండవ అధ్యాయమును మీరు ఎన్నడైనను నిదానముగా చదివితిరా? పొరుగువాని ఎద్దు తప్పిపోయినచో దానిని తోలుకొని వచ్చి అతనికి అప్పగింపవలెనని అందులో ఉన్నది. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ పెట్టవలెనని ఉన్నది. ఆ రెండింటి నడుమ ఒక పిట్టగూటిని గూర్చిన ఆజ్ఞ ఉన్నది. దారిని పోవువానికి చెట్టుమీదనో నేలమీదనో గూడు కనబడి, అందులో తల్లి కూర్చుండియున్నచో, ఆ తల్లిని పట్టుకొనరాదు, దానిని పోనియ్యవలెను. ఇంత చిన్న ఆజ్ఞను గైకొనిన వానికి దేవుడు మేలును, దీర్ఘాయువును వాగ్దానము చేసెను. తలిదండ్రులను సన్మానింపుమను గొప్ప ఆజ్ఞకు చేర్చిన వాగ్దానమును ఈ గూటి ఆజ్ఞకును చేర్చెను. యూదుల బోధకులు దీనిని ఆజ్ఞలలో మిక్కిలి తేలికైన దానిగా ఎంచి, తేలికైన దానికే ఇంత ప్రతిఫలమున్నయెడల గొప్పవాటికి ఇంకెంత ఉండునో అని బోధించిరి.

చాలకాలము నేను ఈ వచనములను చదివి దాటిపోవుచుంటిని. ఒక తీతువు పిట్ట నన్ను వాటియొద్ద నిలువబెట్టినది. ఆ సంగతి మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా ఊరి చెరువు పెద్దది కాదు. అయినను నీరున్నన్ని దినములు అది పక్షులకు పుట్టినిల్లు. గుల్లకొంగలు మోకాలిలోతు నీటిలో నడచుచు నత్తలను వెదకుకొనును. ఆ కొంగ నోరు మూసినను ముక్కు నడుమ సందు మిగిలియుండును. పిల్లకు ఆ సందు ఉండదు, ఎదిగినకొలది ఏర్పడును. తెల్లకొంగలు, గుడ్డికొంగలు, ఎర్రని పొడుగు కాళ్ల పిట్టలు కూడ అచ్చట మేయును. బడి విడిచిన తరువాత కెమెరా చేతబట్టుకొని చెరువుకట్టమీదికి పోవుట నాకు అలవాటు. అది చెడ్డ అలవాటని నేను అనుకొనలేదు, ఇప్పుడును అనుకొనను. దేవుని చేతిపనులయందు ఆనందించువాడు వాటిని వెదకి చూచునని 111వ కీర్తన మనకు నేర్పుచున్నది గదా.

ఒక వేసవిలో నీరు తీసి చెరువు అడుగు బీటలు వారినప్పుడు, ఒక సెలవు దినమున, గులకరాళ్ల నడుమ తీతువు గూడు నా కంటబడెను. గూడని పేరేగాని అందులో పుల్ల లేదు, గడ్డి లేదు. నేలలో చిన్న గుంట, దాని చుట్టు కొన్ని గులకరాళ్లు, నడుమ నాలుగు గుడ్లు. మట్టిరంగుమీద నల్లని మచ్చలు. సన్నని కొనలు లోపలికి తిరిగి, నాలుగును ఒకదానికొకటి ఆనుకొని ఒదిగి యుండెను. రెండడుగుల దూరమున నడచువాడును వాటిని రాళ్లనుకొని దాటిపోవును. ఈ గుడ్లను ఆడపక్షియు మగపక్షియు వంతులు వేసికొని కాచును. పిల్లలు బయటికి వచ్చుటకు ఇంచుమించు నాలుగు వారములు పట్టును. ఎండ మండు వేళ పక్షి నీటియొద్దకు పోయి, రొమ్ము ఈకలను తడుపుకొని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లార్చును. నడివేసవిలో మధ్యాహ్నమున అది గుడ్లమీద కూర్చుండుట వెచ్చదనము కొరకు కాదు, నీడ పట్టుటకు. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. తెలిసికొనవలెనని నేను యత్నింపనూ లేదు.

నేను దగ్గరకు పోగానే పక్షి లేచి నా తలచుట్టు తిరుగుచు అరవసాగెను. నేను కెమెరా సరిచేసికొని, అది తిరిగి వచ్చి గుడ్లమీద కూర్చుండు క్షణముకొరకు కనిపెట్టుకొని యుంటిని. ఎండ నడినెత్తిన ఉండెను. అటుగా మేకలను తోలుకొని పోవుచున్న ఒక వృద్ధుడు నన్ను చూచి నిలిచెను.

“మాస్టారూ, మీరు అక్కడుంటే అది గూటికి రాదు. ఎండ చూడండి, ఎట్లా కాస్తా ఉందో. గుడ్లు ఉడికిపోతాయి” అనెను.

“ఒక్క నిమిషం తాతా. ఒక్క ఫొటో తీసుకుని వచ్చేస్తా” అంటిని.

ఆయన మరేమియు అనక మేకలను తోలుకొని పోయెను. నా ఒక్క నిమిషము ముప్పావుగంట ఆయెను. కడకు ఆ పక్షి తన భయమును అణచుకొని, నా యెదుటనే వచ్చి గుడ్లమీద వాలెను. నేను కోరిన చిత్రము నాకు దొరికెను.

మూడవ దినమున పోయి చూడగా గుంటలో ఒక్క గుడ్డు మాత్రము మిగిలియుండెను. దానిమీద చీమలు ప్రాకుచుండెను. పక్షులు అచ్చట లేవు.

కాకి ఎత్తుకొనిపోయెనో, ముంగిస తినెనో, ఊరకుక్క కనుగొనెనో నేనెరుగను. నేను ఆ దారిని పోకపోయినను అట్లే జరిగియుండవచ్చును. ఈ తలంపు నాకు కొన్నాళ్లు ఆదరణగా ఉండెను. అయితే నేను చేసిన రెండవ పనికి ఈ ఆదరణ చాలలేదు. అదేమనగా, ఆ చిత్రము చాల బాగుగా వచ్చినందున దానిని పటము కట్టించి మా ఆదివారపు బడి గోడకు తగిలించితిని. పాఠము కూడ దానినిబట్టియే చెప్పితిని. మత్తయి సువార్తలో ఒక కాసునకు రెండు పిచ్చుకలు. లూకా సువార్తలో రెండు కాసులకు అయిదు. అనగా అయిదవది కొసరు. బేరములో కొసరుగా పడిన పిచ్చుకను సయితము దేవుడు మరువడని పిల్లలకు వివరించితిని. పాఠము ముగిసిన తరువాత ఎనిమిదేండ్ల బాలిక ఒకతె లేచి,

“మాస్టారూ, ఆ గుడ్లు పిల్లలయ్యాయా?” అని అడిగెను.

“అయ్యే ఉంటాయమ్మా” అంటిని.

ప్రియులారా, దేవుని పరామరికను బోధించిన నోటితోనే నేనాడిన అబద్ధమది.

మన పల్లెలలో తీతువు ఇంటిమీదుగా అరచుచు పోయినచో ఆ ఇంట కీడు కలుగునని చెప్పుకొందురు. క్రీస్తును నమ్మిన మనము అట్టి శకునములకు భయపడ నక్కరలేదు. పిట్ట తన గూటిని గూర్చి అరచునుగాని మన చావును గూర్చి అరవదు. ఆంగ్లేయులు ఆ అరుపును మరియొక విధముగా విందురు. వారి చెవికి అది “వాడు చేసెనా? వాడు చేసెనా?” అను ప్రశ్నవలె ఉండును, పిట్టకు ఆ అరుపునే పేరుగా కూడ పెట్టిరి. ఆ ఆదివారము రాత్రి చెరువువైపునుండి ఆ అరుపు వినబడినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. ఆ గూటికి కీడుశకునముగా వచ్చినవాడను నేనే గదా అని తోచెను. అప్పుడు లేచి దీపము వేసికొని, ముందు చెప్పిన రెండు వచనములను మరల చదివితిని.

“మనము కోడిని కోసికొని తినువారము. ఆ ఆజ్ఞ సయితము పిల్లలను తీసికొనుటకు సెలవిచ్చుచున్నది. నీవు ఈకనైనను పెరుకలేదు, చిత్రము మాత్రమే తీసితివి. దీనికింత చింత ఏల?” అని మీలో ఎవరైనను అడుగవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్నయే. నేనును ఈ ప్రశ్ననే అడ్డము పెట్టుకొని కొన్నాళ్లు దాగితిని.

ఆ ఆజ్ఞను కొంచెము పరిశీలింతము. ఆకలిగొన్నవాడు గూటినుండి ఆహారము తీసికొనుట దేవుడు నిషేధింపలేదు. నిషేధించినది తల్లిని పట్టుట. ఎందుచేత? వేరొకప్పుడు ఆ పక్షిని పట్టుట సులభము కాదు. మనిషి నీడ పడగానే అది ఎగిరిపోవును. గూటిలో పిల్లలుండగా మాత్రము అది దూరముగా పారిపోదు. పిల్లలమీది ప్రేమయే దానిని మన చేతికి దొరుకునట్లు చేయును. ఆ ప్రేమను ఉచ్చుగా వాడుకొనవద్దని దేవుడు సెలవిచ్చుచున్నాడని నాకు తోచుచున్నది. ఆకలి తీర్చుకొనుటకు వచ్చినవానికే ఇట్టి హద్దు ఉన్నయెడల, ముచ్చట తీర్చుకొనుటకు వచ్చినవానికి ఎంత ఎక్కువ హద్దు ఉండవలెను!

నేను చేసినదేమి? ఆ పక్షి తప్పక తిరిగి వచ్చునని నాకు తెలియును. దాని ప్రేమమీద నమ్మకముంచియే ముప్పావుగంట నిలిచితిని. అది తల్లి కానియెడల ఆ చిత్రము నాకు దొరకదు. తల్లిని చేత పట్టలేదన్న మాటేగాని, తల్లి ప్రేమను నా పనికి వాడుకొంటిని.

మన దేశపు చట్టము కూడ ఈ సంగతిని గుర్తించినది. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టములో వేట అనగా ఏమో వివరించుచు, అడవిపక్షుల గుడ్లను పాడుచేయుటను మాత్రమే గాక, గుడ్లను గూళ్లను కదల్చి అలజడి పెట్టుటను కూడ వేటలోనే చేర్చిరి. తుపాకి పట్టినవాడు మాత్రమే వేటగాడని మనమనుకొందుము. చట్టము అట్లనుకొనలేదు.

పక్షులను ఫొటో తీయువారందరు నావంటివారని కాదు. ఇంగ్లండు దేశములో రిచర్డు కియర్టన్, చెర్రీ కియర్టన్ అను అన్నదమ్ములుండిరి. 1892లో వారు గుడ్లతోనున్న పక్షిగూటిని ఫొటో తీసిరి. అట్టి చిత్రములతో 1895లో పక్షిగూళ్లను గూర్చిన గ్రంథమును వెలువరించిరి. పక్షులు బెదరకుండ 1900లో వారు ఎద్దుతోలుతో బోలుగా ఒక ఎద్దును చేయించి, దాని కడుపులో దాగి ఫొటోలు తీసిరి. చూచుటకు నవ్వు పుట్టించు పనియేగాని, అందులో ఒక పాఠమున్నది. పక్షి తన పనిని తాను చేసికొనునట్లు మనిషి తన్నుతాను మరుగుపరచుకొనుట నేర్చుకొనవలెను. అదే దేశస్థుడైన ఎరిక్ హాస్కింగ్ అను పేరెన్నిక గన్న ఫొటోగ్రాఫరు 1937లో వేల్స్‌లో ఒక గుడ్లగూబ గూటియొద్దకు చీకటిలో పోగా, ఆ గూబ ఎగిరివచ్చి గోళ్లతో కొట్టెను. ఆయనకు ఎడమకన్ను పోయెను. గూబకు గోళ్లున్నవి గనుక తన గూటిని అట్లు కాచుకొనెను. తీతువుకు అరుపు తప్ప మరేమున్నది?

ఇక చదువు లేని పల్లెవారు పక్షులకు చేసిన మేలును వినుడి. కర్ణాటకలోని మండ్య జిల్లాలో కొక్కరె బెళ్లూరు అను గ్రామమున్నది. అచ్చట ఇండ్ల నడుమనున్న చింతచెట్లమీద గూడబాతులును, రంగురంగుల రెక్కల పెద్దకొంగలును గూళ్లు కట్టును. గూళ్లున్న చెట్లను దులుపక గ్రామస్థులు చింతపండును వదలుకొనిరి. పిమ్మట ప్రభుత్వపు అటవీశాఖవారు ఆ నష్టమునకు పరిహారమిచ్చు ఏర్పాటు చేసిరి. తమిళనాడులో శివగంగ జిల్లాలోని కొల్లుకుడిపట్టివారు చెరువులోని పక్షులు బెదరునని దీపావళికి టపాకాయలు కాల్చుట మానుకొనిరి. మన సూళ్లూరుపేట దాపున, ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరిన నేలపట్టు చెరువులో నీటిలో నిలిచిన కడప చెట్లమీద గూడబాతులు, గుల్లకొంగలు, చింతవక్కలు గూళ్లు కట్టును. 1976లో ప్రభుత్వమువారు దానిని పక్షుల రక్షితస్థలముగా ప్రకటించిరి. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పొలమునకు బలమని అచ్చటి రైతులు వాటిని ఆదరింతురు. ఆ పక్షులను చూడగోరువారు కట్టమీదను, మంచెలమీదను దూరముగా నిలిచి చూడవలెను.

వీరిలో అనేకులు మన గ్రంథమును చదివినవారు కారు. అయినను ద్వితీయోపదేశకాండములోని ఆ చిన్న ఆజ్ఞ వారి వీధులలో నెరవేరుచున్నది. ఆ గ్రంథమును చేతబట్టుకొని గూటిని పాడుచేసినవాడను నేను. ఇది నన్ను సిగ్గుపరచినది.

ప్రియ చదువరీ, “నాయొద్ద కెమెరా లేదు, ఈ మాటలు నాకు కావు” అని పుట త్రిప్పవద్దు. ఈ దినములలో ప్రతి చేతిలోను ఫోను ఉన్నది. అందులో కెమెరా ఉన్నది. మన సంఘములో విధవరాలికి ఒక చీర ఇచ్చినప్పుడు, ఆమెను నిలువబెట్టి, చీరను ఆమె చేతిలో నుంచి, “ఇటు చూడమ్మా” అని ఫొటో తీయుచున్నాము. వరదలో ఇల్లు పోయినవానికి బియ్యపు సంచి ఇచ్చుచు, ఫొటో సరిగా రాలేదని సంచిని వెనుకకు తీసికొని మరల ఇచ్చుచున్నాము. మరణించినవాని ఇంట తల్లి ఏడ్చుచుండగా ఆమె ముఖమునకు ఎదురుగా ఫోను పట్టుచున్నాము. ఆమె ఎందుకు లేచిపోదు? అవసరము ఆమెను కట్టివేసినది. ప్రేమ ఆమెను కట్టివేసినది. బిడ్డలకు అన్నము కావలెను గనుక ఆ తల్లి మన కెమెరా ముందు నిలుచుచున్నది. తీతువు తన గుడ్లకొరకు నా యెదుటికి వచ్చి వాలినట్లే ఆమెయు నిలుచుచున్నది. కుడిచేయి చేయునది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు బోధించెను. మనము ఊరంతటికి తెలియజేసి, పిమ్మట దేవునికి స్తోత్రమని వ్రాయుచున్నాము.

అట్లని ఫొటోలు తీయుట మానవలెనని నేను చెప్పను. ఆదాము ఏదెను తోటలో జంతువులకు పేర్లు పెట్టెనని ఆదికాండము చెప్పుచున్నది. అయితే అతడు వాటిని వెంబడించి పట్టుకొనలేదు. దేవుడే వాటిని అతని యొద్దకు రప్పించెను. ఆ తోటను సేద్యపరచి కాచుటకే దేవుడు అతనిని అందులో ఉంచెను. కాచుట ముందు, చూచుట తరువాత. మన పిల్లలకు ఈ కొన్ని సంగతులు నేర్పుదము. గూడు కనబడినచో దూరముగా నిలిచి చూడవలెను. పక్షి లేచి అరచినచో అది మనలను పొమ్మనుచున్నదని గ్రహించి వెంటనే వెడలిపోవలెను. గూటికి అడ్డమైన కొమ్మను, ఆకును త్రుంపరాదు. ఆ ఆకే పిల్లకు నీడ, కాకికి మరుగు. గుడ్లను చేతితో ముట్టరాదు. మిట్టమధ్యాహ్నము గూటి దాపునకు పోరాదు. గూడున్న చోటును పదిమందికి చెప్పి గుంపును తీసికొని పోరాదు. ఏ చిత్రమైనను దొరకక ఉత్తచేతులతో ఇంటికి వచ్చినచో విచారపడరాదు. దేవుడు చూచిన దానినంతయు మనము చూడనక్కరలేదు.

ఆ బాలిక సంగతి చెప్పి ముగించెదను. మరుసటి ఆదివారము నేను పటమును గోడనుండి దించి చేతబట్టుకొని, పిల్లల యెదుట నిలిచి, జరిగినది జరిగినట్లు చెప్పితిని. మేకల తాత చెప్పిన మాటను, నేను ఇచ్చిన జవాబును, మిగిలిన ఒక్క గుడ్డును, పిమ్మట నేనాడిన అబద్ధమును దాచలేదు. పెద్దలయెదుట ఒప్పుకొనుటకంటె పిల్లలయెదుట ఒప్పుకొనుట కష్టమని ఆనాడు తెలిసికొంటిని. పిల్లలు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట ఆ బాలికయే,

“మాస్టారూ, ఆ పిట్ట మళ్లీ గుడ్లు పెడుతుందా?” అని అడిగెను.

ఈసారి నేను తొందరపడలేదు. “గుడ్లు పోతే తీతువులు ఆ వేసవిలోనే మళ్లీ పెట్టడం ఉందమ్మా. ఈ పిట్ట పెడుతుందో లేదో నాకు తెలియదు” అంటిని.

“అయితే మనం అటు వెళ్లవద్దు” అని ఆమె తక్కినవారితో చెప్పెను. ఆ వేసవి ముగియువరకు మా పిల్లలెవరును చెరువు అడుగునకు ఆటకు పోలేదు. అచ్చట మరల గూడు కట్టబడెనో లేదో నేను చూడలేదు. చూడకుండుటయే నేను ఆ పక్షికి చేయగలిగిన న్యాయము.

మన ప్రభువు యెరూషలేమును చూచి దుఃఖించినప్పుడు, తన్ను దేనితో పోల్చుకొనెను? రెక్కలక్రిందికి పిల్లలను చేర్చుకొన గోరు కోడితో పోల్చుకొనెను. శత్రువులు చుట్టుముట్టగా ఆయన మనలను విడిచి ఎగిరిపోలేదు. మనయందలి ప్రేమచేతనే ఆయన వారి చేతికి దొరికెను. ఆయన రెక్కలనీడను ఆశ్రయించిన మనము, నేలమీది ఒక చిన్న రెక్కనీడను చెదరగొట్టుట తగునా?

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, కొసరు పిచ్చుకను మరువని దేవా, మేము తేలికగా ఎంచి త్రొక్కివేసిన నీ చిన్న ఆజ్ఞలనుబట్టి మమ్మును క్షమించుము. ఇతరుల ప్రేమను, అవసరతను, దుఃఖమును మా ముచ్చటకు వాడుకొనిన పాపమును క్షమించుము. నీ సృష్టిని చూచి ఆనందించు కన్నులను, దూరముగా నిలువగల ఓర్పును, తప్పిపోయినప్పుడు ఒప్పుకొను ధైర్యమును మాకు దయచేయుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.